ఎర్ర సీసా వీరులు

మా రోజుల్లో లక్ష్మణుడు మూర్ఛపోతే తెల్లవార్లూ ఊరు రెప్ప వేసేది కాదు. కోతలయిపోయిన చేలో గుంజలు పాతి, తెల్ల పంచె బిగించి, వెనకాల ఆముదం దీపాలు పెట్టేవాళ్లు తోలుబొమ్మలాట వాళ్లు. యుద్ధం ఘట్టం వచ్చేసరికి బొమ్మలాడించే మనిషి కాళ్ల కింద చెక్కలు వేసుకుని టపటపా తొక్కేవాడు. ఆ చప్పుడికి మా పిల్లల గుండెలు అదిరిపోయేవి. శక్తి వచ్చి లక్ష్మణుడి రొమ్మున తగిలేది, బొమ్మ వాలిపోయేది, ఠక్కున చెక్కల చప్పుడూ మద్దెలా ఆగిపోయేవి. ఇక రాముడి ఏడుపు. హనుమంతుడు బయల్దేరాలి. దారిలో కాలనేమి దొంగ మునివేషం వేసుకుని కూర్చుంటాడు. చెరువులో మొసలి కాలు పట్టుకుంటుంది. అన్నీ గడిచి కొండ చేరితే ఏది మందుమొక్కో తెలియదు. కొండకి కొండే పెకలించుకుని పొద్దు పొడిచేలోగా లంకకి చేరాలి. కథ అందరికీ తెలిసిందే. అయినా మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, లక్ష్మణుడు లేస్తాడో లేదో అన్నట్టు కూర్చునేది.

ఇప్పుడు మా మనవడి వీరుడికి దెబ్బ తగిలితే ఒక మీట నొక్కుతాడు. వీరుడు ఎర్ర సీసా ఒకటి గటగటా తాగుతాడు. లేచి కూర్చుంటాడు. అయిపోయింది.

మావాడు బెజవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికీ, ఎండాకాలం సెలవలకీ లాప్‌టాప్ చంకన పెట్టుకుని పాలకాయతిప్ప వస్తాడు. సముద్రం మా ఇంటికి కూతవేటు దూరం. పక్కనే హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూద్దామని ఎక్కడెక్కడివాళ్లో కార్లేసుకుని వస్తారు. వీడు మాత్రం తలుపేసుకుని మంచు కొండల్లో డ్రాగన్లతో పోట్లాడుతూ ఉంటాడు. ఆ ఆట పేరు స్కైరిమ్, 2011లో వచ్చింది. ఇప్పటికీ లోకమంతా ఆడుతున్నారట. పక్కన కుర్చీ వేసుకుని నేనూ చాలాసేపు చూశాను. చూడకుండా తిట్టే అలవాటు నాకు లేదు.

డ్రాగన్ నిప్పులు కక్కుతోంది. మావాడి వీరుడు చావుకి వెంట్రుకవాసిలో ఉన్నాడు. అప్పుడు వీడు సంచీ తెరిచాడు. సంచీ తెరవగానే లోకంలో కాలం ఆగిపోయింది. డ్రాగన్ గాల్లో అలాగే నిలబడింది. వీడు తీరుబడిగా జున్ను ముద్దలు, రొట్టెలు, క్యాబేజీలు ఒకదాని తర్వాత ఒకటి తినిపించాడు. సంచీ మూశాడు. ఒంటిమీద ఒక్క గాయం లేదు.

"ఇదేంట్రా?" అన్నాను.

"ఆట తాతయ్యా. అంతా నిజంలా ఉంటే ఎవడాడతాడు?" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. డ్రాగన్ ఉందని నా గొడవ కాదు. నేను విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాణ్ణి. దయ్యాలు, కొరివి పిశాచాలు, ఎగిరే కత్తులు నాకు కొత్తా ఏమన్నానా? నిజంలా లేదనీ నేను అనడం లేదు. మా కాలపు కథల్లో ఏదీ నిజంలా ఉండేది కాదు. కానీ దెబ్బకి ఖరీదుండేది. వరానికి షరతుండేది. మందు కావాలంటే కొండ మొయ్యాల్సి వచ్చేది. ఆ ఖరీదు తీసేశారు. దాంతోపాటు వీరత్వం కూడా పోయింది. ఇదీ నా బాధ.

దెబ్బ అంటే ఏమిటో మా తరానికి ఒంటితో తెలుసు. పీర్ల పండక్కీ దసరాకీ మా వైపు ఊళ్లల్లో కర్రసాము ఉండేది. నాకు సాము నేర్పిన సాయిబుగారు బందరు తాలింఖానాలో తిరిగి వచ్చినాయన. మొదట్లో చాలా రోజులు కర్ర చేతికివ్వలేదు. తడి ఇసకలో అడుగులు వేయించాడు. ఇసకలో కాలు దిగబడుతుంది, లాగాలి, మళ్లీ వెయ్యాలి, ఊపిరి చెదరకూడదు. కర్ర ఇచ్చాక కూడా చూపు కర్ర మీద పెట్టనిచ్చేవాడు కాదు. ఎదుటివాడి భుజం చూడమనేవాడు, దెబ్బ ముందు భుజంలో పుడుతుందని. నూనె పట్టించిన వెదురు కర్ర, చివర ఇత్తడి పొన్ను. ఒకసారి నా కుడిచేతి కణుపుల మీద పడింది. చెయ్యి బొంగరంలా వాచింది. పసుపూ సున్నం రాసి గుడ్డ చుట్టారు. అన్నం ముద్ద కలుపుకోలేకపోతే అమ్మ తినిపించింది. ఇప్పటికీ తుపాను గాలి తిరిగితే ఆ కణుపు ముందుగా సలుపుతుంది. ఆ ఒక్క దెబ్బ తర్వాత ఎవడి మీద కర్రెత్తాలన్నా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. భయంతో ఆగడం కాదది. తగిలితే ఏమవుతుందో తెలిసి ఆగడం. వీరుడనేవాడు ఆ సంగతి తెలిసి కూడా ముందుకి వెళ్లేవాడు. తెలియనివాడు వెళ్తే అందులో గొప్పేముంది?

ఈ ఆటల్లో ప్రాణానికి ఒక అంకె ఉంటుంది. వీరుడికి వంద ఉంటే దెబ్బకి పదో పన్నెండో తగ్గుతూ పోతుంది, సున్నా అయితే చావు. ఇది ఎక్కణ్ణించి వచ్చిందని మావాణ్ణి అడిగితే వాడే వెతికి చెప్పాడు. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని కాయితాలూ పాచికలతో ఆడే ఆట వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు తయారుచేశారు. ఈనాటి ఈ తరహా కంప్యూటర్ ఆటలన్నిటికీ తాతలాంటిది అది. మొదట్లో ఒక్క దెబ్బకే మనుషులు చచ్చిపోతుంటే ఆడేవాళ్లకి నచ్చలేదట. ఆర్నెసన్ అంతకుముందు అమెరికా అంతర్యుద్ధపు ఇనప ఓడల పోరాటం ఆట ఒకటి రాసుకున్నాడు. అందులో ఓడ ఎన్ని గుండ్లకి తట్టుకుంటుందో లెక్క ఉంది. ఆ లెక్క తెచ్చి మనిషికి పెట్టాడు. ఈ మాట ఆయనే చెప్పుకున్నాడు.

ఓడ లెక్క మనిషికి పెట్టారన్నమాట! పడవల మధ్య పుట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ లెక్క పడవకి కూడా సరిపోదు. నాటు పడవకి చిల్లు పడితే ముందు అడుగున తడి కనపడుతుంది. తర్వాత నీళ్లు చేరతాయి, పడవ బరువెక్కుతుంది, చుక్కాని మాట వినదు, గెడ వేసినా ముక్కు తిరగదు. మునగడానికి చాలాముందే అది పడవలా పనిచెయ్యడం మానేస్తుంది. ఆటలో వీరుడు అలా కాదు. వందలో ఒక్కటి మిగిలినా నిండు బలంతో నరుకుతాడు, దూకుతాడు, పరిగెడతాడు. కుంటడు. చెయ్యి వణకదు. ఆ ఒక్కటీ పోగానే కొయ్యలా పడతాడు. 1979లో రాసిన పుస్తకంలో గైగాక్స్ దీనికి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ అంకె ఒట్టి రక్తమాంసాలది కాదు, నేర్పు, అదృష్టం, దేవుడి దయ అన్నీ కలిపి అని. మంచి సంజాయిషీయే. అదృష్టం తగ్గిపోతున్న మనిషి ఎలా ఉంటాడో కూడా చూపించి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. చూపించలేదు. యాభై ఏళ్లయినా చూపించలేదు.

మా సినిమాల్లో కత్తులు అట్టవీ రేకువీ. గదలు డొల్లవి. అది మాకు తెలియదనుకుంటారు ఇప్పటి పిల్లలు. తెలుసు. అయినా 1957లో మాయాబజార్‌లో ఎస్వీ రంగారావుగారు ఘటోత్కచుడై గద పట్టుకుని నడిస్తే డేరా హాల్లో నేల అదిరినట్టుండేది. మన నూజివీడులో పుట్టిన మనిషి ఆయన. గద ఎత్తేముందు నడుం ఎలా సర్దుకుంటాడో, భుజం మీదికి వేసుకున్నాక మెడ ఎలా బిగుస్తుందో చూడండి. డొల్ల గదకి బరువు ఆయన ఒళ్లు ఇచ్చింది. ఇప్పటి ఆటల్లో కుర్రాళ్లు మనిషంత పొడుగు, పలకంత వెడల్పు కత్తి ఒంటిచేత్తో ఈకలా తిప్పేస్తారు. ఐరోపా యోధులు రెండు చేతులతో పట్టిన నిజం పొడుగు కత్తి కిలోన్నర తూగేది. ఆ కిలోన్నరే పావుగంట తిప్పితే రెక్కలు పడిపోతాయి, అందుకే రెండు చేతులు. ఒంటిమీద ఇనప కవచం ఇరవై కిలోలు. ఇవన్నీ బొమ్మ గీసేవాడికి తెలియవా? తెలుసు. బరువు చూపిస్తే ఆడేవాడికి విసుగని తీసేశాడు.

జానపద సినిమాల్లో కాంతారావు కత్తి పట్టాడంటే ఎదురుగా రాజనాల ఉండాల్సిందే. మెట్ల మీద, బల్లల మీద, పొడుగాటి తెర పట్టుకుని ఊగుతూ, చాలాసేపు సాగేది ఆ కత్తియుద్ధం. చివర్లో ఇద్దరికీ చెమటలు కారేవి, రొప్పేవారు. ఆ రొప్పుని తీసెయ్యలేదు విఠలాచార్య. 1969లో గండికోట రహస్యం చూడ్డానికి కాలవగట్టు మీద సైకిళ్లేసుకుని వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు సర్వి పుల్లలతో దారంతా అదే యుద్ధం. రామారావుగారు మా పక్క నిమ్మకూరు మనిషి, నాగేశ్వరరావుగారు గుడివాడ దగ్గర రామాపురం మనిషి. మేం వాళ్లని చూసి వీరులవ్వాలనుకున్నామంటే కారణం వాళ్లు గెలవడం ఒక్కటే కాదు. గెలిచేముందు వాళ్లు పడిన అవస్థ మా కళ్లెదుట జరిగేది.

అన్నిటికన్నా పాతాళభైరవి. 1951, విజయా వారిది, కె.వి.రెడ్డి తీసింది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో చదువుకుని, బందరు నాటకాల్లోనే చెయ్యి తిరిగినవాడు. అది మళ్లీ మళ్లీ వచ్చినప్పుడల్లా నేను చూశాను. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమారి కావాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే నేపాళ మాంత్రికుడి వెంట గుహలోకి వెళ్లాలి. వెళ్లాక తెలుస్తుంది, మాంత్రికుడికి కావలసింది వీడి తలకాయే అని. ఎలా తెలుస్తుంది? బలికి ముందు స్నానానికి దిగితే మొసలి పట్టుకుంటుంది. దాంతో పెనుగులాడి గెలిస్తే అది శాపం తీరిన ఆడమనిషి అవుతుంది, మాంత్రికుడి గుట్టు చెబుతుంది. మా తోలుబొమ్మలాటలో హనుమంతుడి కాలు పట్టుకున్న మొసలీ అలాగే అప్సరస అయి కాలనేమి గుట్టు చెప్పేది. పాత కథలోని మొసలిని అలా పట్టుకొచ్చి కొత్త కథలో దింపారు. ఎంత అందంగా అమర్చారో చూడండి. మొసలితో పోరాటం పక్కన పెట్టి ముందుకి నడిచే వీలు లేదు. ఆ పోరాటం లేకపోతే కథే లేదు, తల తెగిపోతుంది. ఇప్పటి ఆటల్లో అడవిలో తోడేళ్లు వస్తాయి. చంపు, అంకె పెరుగుతుంది. మళ్లీ తోడేళ్లు. మళ్లీ చంపు. ఆ తోడేలు ఎవరి శాపమూ కాదు, ఏ గుట్టూ చెప్పదు.

కోరింది ఇచ్చే పాతాళభైరవి బొమ్మ చేతికొచ్చి మేడలు లేచాక కూడా తోటరాముడికి నిలవలేదు. రాముడి చేతిలో చచ్చిన మాంత్రికుడు మళ్లీ బతికి, బొమ్మని కాజేయించి, మేడతో సహా అంతా ఎత్తుకుపోయాడు. రాముడు మళ్లీ తోటమాలి కొడుకే. సంపాదించిన బలం ఒక్క దెబ్బతో పోయింది. మిగిలింది అంజిగాడి స్నేహం, సొంత బుర్ర. మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉందంటే కత్తితో ఎంత నరికినా లాభం లేదు, గడ్డం తీయించాలి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో దూరాన చిలకలో ఉంటుంది. పసివాడు బాలవర్ధి వెళ్లి ఆ చిలకని తేవాలి. ఎంత బలమున్నా అడ్డదారి లేదు. మా కాలపు మాయకి చట్టం ఉండేదంటున్నాను. ఇప్పటి రాక్షసుడికి వీరుడి కన్నా పెద్ద అంకె ఉంటుంది, అంతే. వీరుడు అంకె పెంచుకుని వస్తే చస్తాడు. అది దుకాణం లెక్క.

భారతం చూడండి. ఇంద్రుడు కర్ణుడి దగ్గర కవచకుండలాలు దానం పట్టుకుని, బదులుగా శక్తి ఇచ్చాడు. ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు కర్ణుడు. పద్నాలుగో రోజు యుద్ధం రాత్రిలోకి సాగింది. ఘటోత్కచుడు కౌరవసేనని ఊచకోత కోస్తుంటే, అందరూ కాపాడమని మొత్తుకుంటే, ఆ ఒక్కటీ అతనిమీద వెయ్యాల్సి వచ్చింది. ఆ క్షణంలోనే కర్ణుడి చావు ఖాయమైపోయింది. ఘటోత్కచుడు పడ్డాడు. పాండవుల వైపు కృష్ణుడు ఒక్కడే సంతోషించాడు. ఆ ఘట్టం పురాణం చెప్పేవాళ్ల నోట వింటే చేతులు చల్లబడేవి. ఒకే ఒక్క ఆయుధం, ఎవరిమీద వెయ్యాలి? ఇంతకన్నా పెద్ద ఆట ఏ కంపెనీ చెయ్యగలదు? మా మనవడి సంచీలో సీసాలు లెక్కలేనన్ని. ముందు ముందు పనికొస్తాయని దాచుకుంటాడు, ఆట అయిపోయాక చూస్తే సగం అలాగే మిగిలిపోయి ఉంటాయి. దేన్నీ ఎంచుకోవలసిన అవసరం రాలేదు వాడికి. భీష్ముడంతటివాడు పదో రోజున పడితే అంపశయ్య మీద యాభై ఎనిమిది రాత్రులున్నాడు. ఇచ్ఛామరణం వరమున్న మనిషి! వరం చావుని ఆపింది, నొప్పిని ఆపలేదు.

ఇలా నేను మొత్తుకుంటుంటే మావాడి స్నేహితుడొకడు, మోపిదేవి కుర్రాడు, ఇంకో ఆట పట్టుకొచ్చాడు. "తాతగారూ, మీకు కావలసింది ఇది" అన్నాడు. కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ అట, 2018లో ప్రేగ్ నగరంలోని వార్‌హార్స్ అనే కంపెనీ చేసింది. 1403 నాటి బొహీమియా. డ్రాగన్లు లేవు, మంత్రాలు లేవు. వీరుడు హెన్రీ ఒక కమ్మరి కొడుకు. సైన్యం వచ్చి ఊరు తగలబెట్టి అమ్మానాన్నల్ని చంపేస్తుంది. వాడికి చదవడం రాదు, కత్తి పట్టడం రాదు. అమ్మానాన్నల్ని పూడ్చడానికి వెనక్కి వెళ్తే ఒక దొంగ చావగొట్టి, నాన్న చేసిన కత్తి లాక్కుపోతాడు. తర్వాత ఒక కెప్టెన్ దగ్గర చెక్క కత్తితో నేర్చుకోవాలి. ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. గాయానికి కట్టు కట్టకపోతే నెత్తురు కారుతూనే ఉంటుంది. శిరస్త్రాణం ముసుగు దించితే ఎదర సన్నటి సందు తప్ప ఏమీ కనపడదు. విల్లు ఎక్కుపెడితే గురి చూపించే చుక్క ఉండదు. ఇద్దరు ఒకేసారి మీద పడితే పారిపోవడమే మర్యాద.

ఆ ముసుగు చూసి నాకు ముచ్చటేసింది, దాచుకోను. సాయిబుగారు ఇద్దరి మధ్య నిలబడితే వీపు గోడకి పెట్టమనేవాడు. ఈ ఆట చేసినవాడెవడో ఒకసారైనా దెబ్బ తిన్నవాడు.

కానీ ఆ కుర్రాడు దాన్ని పొగిడిన తీరు నచ్చలేదు. "ఇదే నిజమైన ఆట, డ్రాగన్లవన్నీ చిన్నపిల్లలవి" అన్నాడు. వాస్తవికత అని ఒక మాట నేర్చుకున్నారు. నెత్తురు చిమ్మితే వాస్తవికత, బురద అంటితే వాస్తవికత, గాయానికి పేరు పెడితే వాస్తవికత. పెంకెతనమిది. హనుమంతుడు కొండ ఎత్తడం వాస్తవం కాదు, నిజమే. అన్న తమ్ముడి శవం లాంటి ఒంటిని ఒళ్లో పెట్టుకుని, పొద్దు పొడుస్తుందేమోనని ఆకాశం వంక చూడ్డం వాస్తవం. మా ఊళ్లో ఆ పని చేసినవాళ్లు ఉన్నారు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి రాసేవాళ్లు అలలు తాటిచెట్టంత ఎత్తు లేచాయని రాస్తారు. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది. సర్కారు లెక్కే పదివేలు దాటింది. నేను ఇక్కడ ఒక్కరి సంగతే చెబుతాను. మా వరసకి బాబాయి అవుతాడు. కూతుర్ని ఎడం చంకన ఇరికించుకుని కుడిచేత్తో తాటి బోదె కౌగిలించుకుని రాత్రంతా ఉన్నాడు. ఉప్పునీళ్లు, గాలి, కొట్టుకొచ్చే గొడ్ల కళేబరాలు, ఇంటి దూలాలు. తాటి బోదె అంటే ఆకురాయే. తెల్లారి మనుషులొచ్చి విడదీయబోతే చెయ్యి రాలేదు, చర్మం చెట్టుకి అంటుకుపోయింది. పిల్ల బతికింది. ఆ కుడిచేతి వేళ్లు తర్వాత ఎప్పుడూ పూర్తిగా ముడుచుకోలేదు. వల లాగలేకపోయాడు. ఎవరైనా ఆ రాత్రి గురించి అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన కథలో మంత్రం లేదు, కత్తి లేదు, శత్రువు కూడా లేడు. వీరుడంటే నాకు ఆయనే. ఈ ఆటల్లో అలసటకి ఒక పచ్చగీత ఉంటుంది. పరిగెడితే తగ్గుతుంది, నాలుగు సెకన్లు నిలబడితే నిండుతుంది. ఆ గీత చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మా బాబాయి గీత ఆయన పోయేదాకా నిండలేదు.

బాహుబలి రెండో భాగంలో తాటిచెట్లు వంచి, డాళ్లు చుట్టూ పట్టుకున్న సైనికుల్ని బంతుల్లా కోట మీదికి విసిరారు. 2017లో హాలంతా ఈలలు. మా ఊరివాళ్లు కొందరు తాటిచెట్టు అలా వంగుతుందా అని నవ్వారు. వంగితే వంగనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. దిగినవాళ్లలో ఒక్కడూ కుంటలేదు. అక్కడ నాకు ఆ సినిమా దూరమైపోయింది.

ఆటలు చేసేవాళ్లందరూ ఇలాగే ఉన్నారని అనను. 1997లో జపానువాళ్ల ఫైనల్ ఫాంటసీ ఏడో ఆట వచ్చింది. అందులో చచ్చినవాణ్ణి లేపే ఫీనిక్స్ ఈక అంగట్లో దొరుకుతుంది. ఎన్నిసార్లు పడినా ఎన్నిసార్లయినా లేపుకోవచ్చు. అలా అలవాటు చేసి చేసి, సగం కథలో ఎయిరిత్ అనే పూలమ్మే అమ్మాయిని, ఆడేవాడు అప్పటిదాకా తన జట్టులో పెంచుకొచ్చిన పిల్లని, శత్రువు వెనకనుంచి కత్తితో పొడిచేస్తాడు. ఆమెకి ఈక పనిచెయ్యదు. ఇక రాదు. లోకమంతా కుర్రాళ్లు ఏడ్చారట. ఆమెని బతికించే కిటుకు ఏదో దాచారని ఏళ్ల తరబడి వెతికారట. ఇది విన్నాక ఆ జపానువాళ్ల మీద నాకు గౌరవం కలిగింది. సంజీవని దొరకని రాత్రి ఒకటి ఉంటుందని వాళ్లకి తెలుసు.

2011లో వచ్చిన డార్క్ సోల్స్ కూడా అలాంటిదే. అదీ జపానుదే, హిదెతాకా మియజాకీ అనే ఆయన చేశాడు. అస్థిపంజరాలు, రాక్షసులు, మంటలు కక్కే డ్రాగన్లు, అంతా కల్పనే. కానీ మందు సీసాలు కొన్నే ఇస్తాడు. తాగుతున్నంతసేపూ వీరుడు చేతకాకుండా నిలబడి ఉంటాడు, ఆ సందులో శత్రువు నరికేస్తాడు. చస్తే సంపాదించిందంతా చచ్చినచోటే నేలమీద పడి ఉంటుంది. మళ్లీ అక్కడిదాకా వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో రెండోసారి చస్తే అదీ పోతుంది. కత్తి ఎత్తితే దించేదాకా ఆగాలి. మావాడు ఆ ఆట ఆడుతుంటే వాడి మెడ బిగుసుకోవడం చూశాను. ఒకే రాక్షసుడి చేతిలో రాత్రంతా చచ్చాడు. ఆఖరికి గెలిచినప్పుడు కేకపెట్టి ఇంట్లోవాళ్లందర్నీ లేపాడు. స్కైరిమ్‌లో డ్రాగన్ చచ్చినప్పుడు వాడు ఆవులించడం కూడా నేను చూశాను. ఇంతకన్నా రుజువేం కావాలి?

నా కోరిక ఒకటుంది. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి కంపెనీల్లో మన కుర్రాళ్లు బొమ్మలకి ప్రాణం పోస్తున్నారు. పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో రాజీ అని మన పురాణాల వాసనున్న ఆట చేసి చూపించారు. మనవాళ్లెవరైనా తోటరాముడి కథ ఆటగా చెయ్యాలి. హక్కులు ఎవరివో నాకనవసరం, పేర్లు మార్చి చేసుకోండి. తోటమాలి కొడుకు ఉండాలి, మాంత్రికుడు ఉండాలి, గుహ ఉండాలి. ఎర్ర సీసా ఉండకూడదు. బలం కోరుకుంటే దేవత ఇవ్వాలి, ఇచ్చి ఒక షరతు పెట్టాలి. ఆయుధం ఒక్కసారికే. బొమ్మ పోయిన రాత్రి అంకెలన్నీ సున్నా అయిపోవాలి. మొసలి పట్టుకున్న కాలు ఆట అయ్యేదాకా కుంటాలి.

ఇదంతా చెబితే మావాడు తల అడ్డంగా ఊపాడు. "అలా చేస్తే ఎవరూ కొనరు తాతయ్యా" అన్నాడు. ఎందుకు కొనరు? ఆ డార్క్ సోల్స్ చేసినవాళ్లే 2022లో ఎల్డెన్ రింగ్ అని ఇంకా కష్టమైన ఆట చేస్తే ఏడాది తిరిగేలోగా 2 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయని వీడే నాకు చెప్పాడు. మొసలితో పెనుగులాడే కుర్రాణ్ణి చూడ్డానికి 1951లో జనం బళ్లు కట్టుకుని వచ్చారు, నెలల తరబడి వచ్చారు. కష్టం చూపిస్తే జనం రారన్న మాట కొనేవాళ్లు అన్నది కాదు, అమ్మేవాళ్లు అనుకున్నది. ముందు ఆ కాలు కుంటించి చూడండ్రా.